అప్రస్తుత ప్రసంగి

అష్టావధాన సభలో పృచ్ఛకులు ఎనిమిదిమంది. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు దత్తపది ఇస్తారు. ఒకరు వర్ణన కోరుతారు. ఒకరు మధ్యమధ్య గంట కొట్టి, ఎన్ని దెబ్బలు పడినవో చివరకు చెప్పమంటారు. ఈ వరుసలో అవధాని దారికి అడ్డురావటమే పనిగా కూర్చున్నవారు ఇద్దరు. ఒకడు నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు, మరొకడు అప్రస్తుత ప్రసంగి. ఇద్దరూ విఘ్నకారులే, కాని ఇద్దరి విఘ్నం ఒక జాతిది కాదు. నిషిద్ధాక్షరి ఇచ్చేవాడు పద్యం వెంట నడుస్తాడు. అవధాని నోట రానున్న అక్షరం ఏదో ముందుగా ఊహించి, దానిని నిషేధిస్తాడు. ఛందస్సూ శబ్దజ్ఞానమూ లేనివాడు ఆ ఆసనంలో కూర్చోలేడు. అప్రస్తుత ప్రసంగికి ఆ పద్యంతో నిమిత్తం లేదు. అవధాని మూడవ పాదం ఎత్తుకోబోయే వేళకు వంకాయకూరను గూర్చో, పెండ్లిచూపులను గూర్చో, ఆనాటి ఎండను గూర్చో ఒక ప్రశ్న విసరుతాడు. మొదటివాడు పద్యం నడిచే దారిలో అడ్డు నిలుస్తాడు. రెండవవాడు పద్యం నుండియే మనస్సును లాగివేయచూస్తాడు.

సాహిత్యచర్చలోని విఘ్నకారులను గూర్చి ఆలోచించేవారికి ఈ రెండు ఆసనాల భేదం మంచి ప్రారంభం. ఆలోచించవలసిన అవసరమూ ఈనాడు ఎక్కువైనది. ఒకప్పుడు సాహిత్యగోష్ఠి సంస్థానాధీశుని కొలువులోనో, గ్రంథాలయపు సావడిలోనో జరిగేది. తరువాత అది పత్రికల పుటలకు ఎక్కినది. ఇప్పుడు రచయిత చేతిలోని ఫోనులోనికి వచ్చినది. శ్రీకాకుళంలో వ్రాసిన కథను చికాగోలోని తెలుగు పాఠకుడు ఆ పూటనే చదివి తన మాట చెప్పగలగటం చిన్న మేలు కాదు. కాని ఆ తలుపు గుండానే, పేరు చెప్పనవసరం లేని, ముఖం చూపనవసరం లేని అప్రస్తుత ప్రసంగి కూడా లోనికి వచ్చినాడు. ఇతనిని ఎవరూ పిలువలేదు. ఇతనికి ఆసనం లేదు, వంతు లేదు, హద్దు లేదు. కథను గూర్చి నలుగురు మాట్లాడుకుంటున్నచోట కథకుని కులాన్నో, కథకురాలి కట్టుబొట్టునో ఎత్తుతాడు. ఎవరైనా కోపగించి బదులు చెప్పితే అదే అతనికి ఫలం. గంట గడిచేసరికి కథ మరుగున పడుతుంది. అందరూ అతనిని గూర్చియే మాట్లాడుతుంటారు. ఇందులో నష్టపోయేది వాగ్వాదానికి అలవాటుపడిన పాత రచయిత కాదు. మొదటి కథ వెలువరించి, మొదటి అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్న కొత్త రచయిత. ఆ కలం రెండవ కథ వ్రాయకపోతే, ఆ లోటు ఏ లెక్కలోనూ కనబడదు.

అవధానసభ ఈ విఘ్నాన్ని ఎట్లు వశం చేసుకున్నదో చూడవలె. అది అప్రస్తుత ప్రసంగిని వెలివేయలేదు. అతనికి ఒక పేరు పెట్టి, ఒక పీట వేసినది. అతడు ఎవరో సభకు తెలుసు. అతడు చేస్తున్న పని ఏమిటో కూడా తెలుసు. తక్కిన పృచ్ఛకుల వంతును అతడు మ్రింగివేయరాదు. అవధాని ఇచ్చే సమాధానం చమత్కారంగా ఉండవలె, చిన్నదిగా ఉండవలె. ఇచ్చిన వెంటనే అవధాని తాను విడిచిన పాదం దగ్గరకు తిరిగి రావలె. సమాధానం ఎంత సొగసుగా ఉన్నా, ఆ సొగసులో పడి దత్తపదిని మరచిన అవధానిని సభ మెచ్చదు. మరొక సంగతి కూడా గమనించదగినది. ఆ సమాధానం అడిగినవాని కొరకే కాదు. అవధాని చూపు అతనివైపు ఉన్నా, మాట సభకు చెందుతుంది.

ఈ నియమం వేదికమీద ఉన్నంత సులభం వేదిక దిగిన తరువాత కాదు. అవధానవిద్యకు ఆంధ్రదేశంలో ఊరూరా ఆదరణ కలిగించిన తిరుపతి వేంకట కవులే ఇందుకు ఉదాహరణ. సభలో ఎంతటి అప్రస్తుతాన్నైనా ఒక్క మాటతో సాగనంపగలిగిన ఆ జంటకవులు, సభ వెలుపల సమకాలిక కవులతో వచ్చిన వివాదాలలో పద్యాలమీద పద్యాలు గుప్పించినారు. 'గీరతము' అట్లు పుట్టినదే. ఆ పద్యాలలో ధార ఉన్నది, చురుకు ఉన్నది. కాని సామాన్యపాఠకుడు ఆ కవులను 'పాండవోద్యోగ విజయాల' వల్ల తలచుకుంటాడు గాని ఆ కలహాల వల్ల కాదు. వేదికమీద వారిని కాపాడిన హద్దు వెలుపల లేకపోయినది.

ఆ హద్దు ఎక్కడ గీయవలెనన్నదే అసలు ప్రశ్న. న్యాయశాస్త్రం దీనిని గూర్చి పూర్వమే ఒక విభాగం చేసిపెట్టినది. గౌతముని న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విడదీసినవి. ఇరుపక్షాలూ తత్త్వం తెలుసుకొనగోరి ప్రమాణతర్కాలతో చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. అందులో మాటల మాయకు కూడా చోటున్నది. తన పక్షమంటూ ఏదీ స్థాపించక ఎదుటివాని పక్షాన్ని పడగొట్టటమే పనిగా పెట్టుకున్నది వితండ. ఈ విభాగంలో గొంతు హెచ్చుతగ్గుల ప్రసక్తి లేదన్నది గమనింపదగినది. మృదువుగా మాట్లాడే వితండవాది ఉండవచ్చు. కేకలు వేసే వాది ఉండవచ్చు. శాస్త్రం చూచినది ఆ మనిషి దేనికి కట్టుబడి ఉన్నాడన్నదే.

అయితే వితండ చేసినవారందరినీ విఘ్నకారులని త్రోసివేయటం న్యాయం కాదు. శ్రీనాథుడు తెలిగించిన నైషధానికి మూలకర్త అయిన శ్రీహర్షుడే 'ఖండనఖండఖాద్యం'లో పరపక్షఖండనాన్నే తన మార్గంగా చేసుకున్నాడు. కాని ఖండింపబోయే లక్షణాన్ని ముందు యథాతథంగా ఎదుట నిలిపి, దాని ప్రతి పదాన్నీ పరీక్షించిన తరువాతనే దానిని పడగొట్టినాడు. కనుక పరీక్ష ఇట్లు ఉండవలె: విమర్శించేవాడు తన పక్షానికి కట్టుబడకపోయినా, ఎదుటివాని వాక్యానికైనా కట్టుబడి ఉన్నాడా? ఉన్నట్లయితే ఎంత పరుషంగా మాట్లాడినా అతడు సభ్యుడే. ఆ వాక్యమే అతనికి అక్కరలేకపోతే అతడు అప్రస్తుత ప్రసంగి.

ఎదుటివాని వాక్యాన్ని వంచటానికి శాస్త్రం ఛలమని పేరు పెట్టినది. 'ఈ కుర్రవాడు నవకంబళుడు' అని ఒకడంటాడు. కొత్త కంబళి కప్పుకున్నాడని అతని భావం. 'తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నవి? ఒకటే గదా!' అని మరొకడు పట్టుకుంటాడు. నవశబ్దానికి రెండర్థాలున్న మాట నిజమే. రెండవ అర్థం ఇక్కడ పొసగదన్న మాట అడిగినవానికీ తెలుసు. ఈ కంబళి ఇంకా చిరగలేదు. ఒక విమర్శకుడు 'ఈ కథలో మాండలికం పలుచగా ఉన్నది' అంటే, 'మా ప్రాంతపు భాషను పలుచన చేసినాడు' అని కేక వేయటం ఈ జాతిదే. అక్కడనుండి చర్చ కథను విడిచి ప్రాంతాభిమానానికి పోతుంది. విమర్శకుడు తాను అనని మాటకు సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చుంటాడు.

ఈ పరీక్షను పక్కనపెట్టి, తమకు నచ్చని ప్రతి మాటనూ విఘ్నమనటం కూడా రచయితలలో లేకపోలేదు. ఈ రెండవ ప్రమాదం మొదటిదానికంటె చిన్నది కాదు. వ్యావహారిక భాషావాదాన్ని తలచుకుంటే ఇది స్పష్టమవుతుంది. 1913లో గిడుగు రామమూర్తి పంతులు గారు ఆధునికాంధ్రాన్ని గూర్చి తమ విజ్ఞాపనపత్రాన్ని ప్రకటించినారు. 1914లో గురజాడ అప్పారావు గారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించినారు. ఎదుటిపక్షంలో జయంతి రామయ్య పంతులు గారు నిలిచినారు. వాదం చల్లగా జరిగినదని ఎవరూ అనలేరు. కాని రామమూర్తి గారు చేసిన పని ఏమిటి? గ్రాంథికవాదుల గ్రంథాలనే తెరచి, వారు విధించిన వ్యాకరణానికి వారి వాక్యాలే ఎక్కడెక్కడ లోబడలేదో ఎత్తిచూపినారు. ప్రతిపక్షాన్ని ఆయన చదివినంత శ్రద్ధగా ఆ పక్షంవారిలోనే ఎందరు చదివినారో చెప్పటం కష్టం. రామయ్య గారు సామాన్యులు కారు. శాసనపరిశోధనలోను, సూర్యరాయాంధ్ర నిఘంటు నిర్మాణంలోను ఆయన కృషి తెలుగువారందరికీ దక్కినది. వారిద్దరిలో ఒకరు రెండవవారిని విఘ్నకారి అని ద్వారం మూసి ఉంటే తెలుగు వచనం ఈనాటి రూపానికి రావటం ఎంత ఆలస్యమయ్యేదో! వారిద్దరూ నిషిద్ధాక్షరి ఆసనంలో కూర్చున్నవారు. పద్యం వెంట నడిచినారు.

పరిహాసాన్ని కూడా విఘ్నంతో కలిపివేయరాదు. కొక్కొండ వేంకటరత్నం పంతులు గారు 'ఆంధ్రభాషా సంజీవని'ని, కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874 నుండి 'వివేకవర్ధని'ని నడిపినారు. వివేకవర్ధనిని వెక్కిరించటానికి కొక్కొండవారు 'హాస్యవర్ధని'ని పుట్టించగా, ఆ సంజీవనికి సమాధానంగా 1876లో కందుకూరివారు 'హాస్యసంజీవని'ని పుట్టించినారు. ఒకరి పత్రిక పేరులో సగం మరొకరి పరిహాసపత్రికకు ముడిసరుకైనది. ఇది చూచి నవ్వుకొననివారు ఉండరు. అయినా ఇందులో గుర్తుంచుకొనదగినవి రెండున్నవి. ఎవరు ఎవరిని వెక్కిరిస్తున్నారో పాఠకలోకానికి తెలుసు. వెక్కిరించినవాడు తన పేరుతో, తన పత్రికతో, తన ఖర్చుతో వెక్కిరించినాడు. రెండవది, ఆ పోటీలోనుండి సాహిత్యం పుట్టినది. తెలుగు ప్రహసనానికి హాస్యసంజీవని పుటలు నెలవైనవి. ఏమీ పణం పెట్టనివాని పరిహాసం వేరు, తన పేరును పణం పెట్టినవాని పరిహాసం వేరు.

చిక్కు వచ్చేది వాక్యాన్ని విడిచి మనిషిని పట్టుకున్నప్పుడు. ఇది అనామకులకే పరిమితమైన దోషం కాదు, పెద్దలకూ తప్పలేదు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను విమర్శిస్తూ వీరేశలింగం గారు కావ్యంలోని శృంగారంతో ఆగలేదు. కవయిత్రి పుట్టుకనూ వృత్తినీ కూడా తీర్పులో చేర్చినారు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు దీనికి ఇచ్చిన సమాధానం చర్చామర్యాదకు ఒక పాఠం. ఆమె తిట్టుకు తిట్టు చెప్పలేదు. మూలప్రతిని వెదకి, కావ్యాన్ని సమగ్రంగా పరిష్కరించి 1910లో అచ్చువేయించినారు. పీఠికలో ఒక్క ప్రశ్న వేసినారు: ఔచిత్యమన్నది స్త్రీలు వ్రాసినదానికేనా, పురుషులు వ్రాసినదానికి వర్తించదా అని. ప్రశ్న వీరేశలింగం గారిని ఉద్దేశించినదే అయినా, సమాధానం చెప్పవలసినది పాఠకులు. ఆ సమాధానానికి కావలసిన కావ్యం వారి చేతిలోనే ఉన్నది. అవధాని అప్రస్తుతానికి బదులు చెప్పి పాదం దగ్గరకు తిరిగివచ్చినట్లు, ఆమె నింద నుండి కావ్యం దగ్గరకు సభను తిరిగి తెచ్చినారు.

కాని సభ తీర్పు చెప్పకముందే ప్రభుత్వం చెప్పినది. 1911లో ఆ గ్రంథం నిషేధింపబడినది. ఆ నిషేధం తొలగటానికి 1947 వరకు ఆగవలసి వచ్చినది. అభ్యంతరకరమైన మాటను అధికారంతో అణచటం సులభమని తోచినప్పుడల్లా ఈ ముప్పదియారేండ్లు జ్ఞాపకం రావలె. నిన్నమొన్నటి ఉదాహరణ మరొకటి ఉన్నది. కంప్యూటరు ద్వారా, ఫోను ద్వారా ఇతరులకు చికాకు కలిగించే సందేశాలు పంపటాన్ని శిక్షించిన 66ఏ సెక్షనును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. చికాకు అన్న మాటకు ఎల్ల ఏది? ఆ వలలో అప్రస్తుత ప్రసంగితో పాటు గిడుగువారు కూడా పడతారు. బెదిరింపు, హింసకు పురికొల్పటం వేరు. వాటికి చట్టం ఉండవలసినదే. చర్చను చెడగొట్టటం చర్చించేవారు చక్కదిద్దుకొనవలసిన పని.

అధికారం పనికిరాకపోతే మౌనం మిగులుతుంది. విఘ్నకారికి బదులు చెప్పవద్దన్నది ఈనాడు అందరూ ఇచ్చే సలహా. సలహా కొత్తది కాదు. చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో వైద్యుల చర్చను సంధాయ సంభాష అని, విగృహ్య సంభాష అని రెండుగా విభజించి, కలహచర్చకు దిగేముందు ప్రతివాదినీ పరిషత్తునూ పరీక్షించుకొమ్మన్నారు. వైరం పూనిన పరిషత్తులో ఎవరితోనూ వాదం పెట్టుకోవద్దన్నారు. వినేవాడు లేనిచోట మాట వృథా అన్న వివేకం ఇది.

అయితే ఈ మౌనం ఎవరు పాటించవలసినది? ఇక్కడ చాలమంది పొరపడుతున్నారు. నిందపడినవానిని మౌనంగా ఉండుమని చెప్పి, చుట్టూ ఉన్నవారు కూడా మౌనంగా ఉండటం ఒక నీతిగా చలామణి అవుతున్నది. న్యాయసూత్రాలు పరాజయానికి గుర్తులుగా ఇరవైరెండు నిగ్రహస్థానాలు చెప్పినవి. వాటిలో ఒకటి నిరనుయోజ్యానుయోగం: తప్పులేనిచోట తప్పుపట్టటం. మరొకటి పర్యనుయోజ్యోపేక్షణం: పట్టవలసిన తప్పును పట్టక ఉపేక్షించటం. మొదటిది విఘ్నకారి దోషం. రెండవది అతని ఎదుట నోరు మెదపనివాని దోషం. శాస్త్రం రెండింటినీ ఒకే పట్టికలో చేర్చినది. ఈ రెండవ దోషాన్ని ప్రకటించవలసినది పరిషత్తు అని భాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పటం ఇంకా గమనింపదగినది. తాను ఉపేక్షించినానని ఉపేక్షించినవాడే చెప్పుకోడు గదా! కనుక నిందపడినవాడు మౌనం వహించవచ్చు. అది అతని హక్కు. సభకు ఆ హక్కు లేదు.

సభ మౌనంగా ఉన్నప్పుడు ఏమవుతుందో చూడటానికి తమిళదేశం దాకా పోతే చాలు. 2010లో వెలువడిన పెరుమాళ్ మురుగన్ నవల 'మాదొరుబాగన్' నాలుగేండ్లు ఏ అలజడీ లేకుండా పాఠకుల చేతులలో ఉన్నది. 2014 చివర దానిలోని కొన్ని పుటలు మాత్రం విడదీసి పంచిపెట్టినారు. నవల చదవనివారికి కూడా కోపం సిద్ధమైనది. పొసగని అర్థం తీసిన నవకంబళం వంటిదే ఇది. అక్కడ పదాన్ని సందర్భం నుండి లాగినారు, ఇక్కడ పుటను లాగినారు. 2015 జనవరిలో, తనలోని రచయిత మరణించినాడని ఆ రచయితయే ప్రకటించవలసి వచ్చినది. 2016 జూలై 5న మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి, మళ్లీ వ్రాయవలసినదిగా కోరినది. న్యాయస్థానం చెప్పవలసి వచ్చిన ఆ మాట అంతకు పదునెనిమిది నెలల ముందు ఆ ఊరి సభలలో తగినంత బలంగా వినబడి ఉండవలసినది. ఆయనకు అప్పటికే పేరున్నది, న్యాయస్థానం దాకా వెళ్లిన మిత్రులున్నారు. ఏ పేరూ లేని కొత్త రచయితకు ఆ తీర్పు ఎవరు తెస్తారు?

సభ చేయవలసినది పెద్ద పని కాదు. చర్చ ఏ వాక్యం దగ్గర ప్రారంభమైనదో ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదివి వినిపించటం; 'ఇది ప్రస్తుతం కాదు' అని ఒక్కసారి, తన పేరుతో చెప్పటం; తరువాత ఆ కథను గూర్చియే ఒక మాట, మంచిదో చెడ్డదో, చెప్పటం. అప్పటికీ హద్దు మీరినవానికి ద్వారం చూపే అధ్యక్షుడు ఒకరు ఉండటం. జల్పవితండలు మొలకెత్తే విత్తనానికి రక్షణగా వేసిన ముళ్లకంచె వంటివని గౌతముడే చెప్పినాడు. కంచె అవసరమే. కాని రచయితలు రోజంతా కంచె దగ్గరే నిలబడి ముళ్లు లెక్కపెడుతుంటే చేను పండదు. ముళ్లే పంట అనుకుంటే కంచె చేను మేసినట్లవుతుంది. విఘ్నకారిని వ్యంగ్యంతో చిత్తుచేసినామని సంతోషించే వ్యాసకర్తలు ఆ పూట ఏ పుస్తకాన్ని గూర్చి వ్రాయక మానినారో ఒకసారి ఆలోచించుకొనవలె. పూర్వకవులు కావ్యావతారికలో కుకవినిందకు చోటిచ్చినారు. కాని రెండుమూడు పద్యాలతో, ఎవరి పేరూ ఎత్తకుండా ముగించి కథలోనికి పోయినారు. ఆ పొదుపు వారికి అలంకారశాస్త్రం నేర్పినది కాదు. ముందున్న కావ్యం పెద్దది, వ్యవధి చిన్నది.

అవధానం చివర ధారణ ఉంటుంది. అంతవరకు విడివిడిగా చెప్పిన పాదాలను అవధాని కూర్చి, పద్యాలన్నిటినీ వరుసగా సభకు అప్పగిస్తాడు. సమస్య ఉంటుంది, దత్తపది ఉంటుంది, వర్ణన ఉంటుంది. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ఎన్ని అక్షరాలను అడ్డగించినాడో ఆ అడ్డంకులన్నీ దాటి వచ్చిన పద్యమూ ఉంటుంది. అడ్డగించినవానికి కూడా ఆ పద్యంలో భాగమున్నది. అప్రస్తుత ప్రసంగి అడిగిన ప్రశ్న ఒక్కటీ ధారణలో ఉండదు. ఉండకుండా చూచినది అవధాని జ్ఞాపకశక్తి ఒక్కటే కాదు. ఏది పద్యమో ఏది కాదో తెలిసిన సభ కూడా.